మెత్తగా ఉందని రన్నింగ్ షూ కొనొద్దు తమ్ముడూ: కొత్త ఫోముల సంగతి వివరంగా

కావలి తమ్ముడు అడిగింది ఇది. బరువు 82 కిలోలు, మూడు నెలల నుంచి పొద్దున్నే 5 కిలోమీటర్లు పరిగెత్తుతున్నాడు, కిలోమీటరుకి ఏడు నిమిషాలు పడుతోంది, ఈమధ్య కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలైంది. నెల్లూరులో షూ షాపుకి వెళ్తే సూపర్ ఫోమ్, సోల్ లోపల కార్బన్ ప్లేట్ (పల్చటి గట్టి రేకు) ఉన్న జత వేసుకుంటే మోకాలి మీద లోడే పడదని 21 వేల రూపాయల జత చూపించారంట. కొనాలా వద్దా, అసలు ఈ కొత్త కుషనింగ్ నిజంగా పనిచేస్తుందా లేకపోతే ఉత్త పబ్లిసిటీనా అని.

ముందు జవాబు చెప్పేస్తా. ఆ జత నీకు వద్దు. అట్టాగని ఆ ఫోమ్ అబద్ధం కాదు, యాభై ఏళ్ళలో రన్నింగ్ షూలో వచ్చిన అతి పెద్ద మార్పు అదే, దాని మీద నాకు చాలా గౌరవం. దాన్ని తయారుచేసింది వేరే పనికి, నువ్వు చేయించుకోవాలనుకునే పని వేరే, ఆ తేడా షాపులో ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తన్నా, ఓపిగ్గా చదువు.

నేను సోల్ తయారీలో, మిడ్‌సోల్ (పాదానికీ అడుగు రబ్బరుకీ మధ్య ఉండే ఫోమ్ పొర) మౌల్డింగ్ దగ్గర చాలా ఏళ్ళు పనిచేశా. మన పాత నెల్లూరు జిల్లాలోనే తడ పక్కన మాంబట్టులో అపాచీ ఫ్యాక్టరీలో అడిడాస్ షూలు తయారవుతాయని చాలామందికి తెలీదు, ఈ ప్రాంతంలో సోల్ గురించి తెలిసిన చేతులు చాలా ఉండాయి. ఇప్పుడు పొద్దున పూట ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పోలీసు సెలక్షన్లకి తయారయ్యే పిల్లలకి పరుగు నేర్పిస్తుంటా. అందుకని ఫోమ్ మౌల్డులోంచి బయటికొచ్చినప్పుడు ఎట్టా ఉంటుందో, పిల్లలు నెలల తరబడి తొక్కాక ఎట్టా అవుతుందో రెండూ దగ్గర్నించి చూసినోణ్ణి.

అసలు తికమక ఎక్కడొస్తుందంటే, కుషన్ అనే ఒక్క మాట కింద మూడు వేరు వేరు గుణాలు కలిపేస్తారు. మెత్తదనం ఒకటి, అంటే కాలు వేస్తే ఎంత లోపలికి దిగుతుంది. రెండోది తిరిగి తోసే గుణం, అంటే నువ్వు అణిచిన శక్తిలో ఎంత నీకు వెనక్కి ఇస్తుంది. మూడోది ఈ రెండూ ఎన్ని కిలోమీటర్ల దాకా అట్టాగే నిలుస్తాయి అనేది. ఒక ఫోమ్‌కి మొదటిది బాగా ఉండి రెండోది లేకపోవచ్చు, మొదటి రెండూ బ్రహ్మాండంగా ఉండి మూడోది ఏమాత్రం లేకపోవచ్చు. మైపాడు బీచ్‌లో పొడి ఇసకలో పరిగెత్తి చూడు, అంతకంటే మెత్తటి నేల యాడా దొరకదు, కానీ అర కిలోమీటరుకే పిక్కలు పట్టేస్తాయి, ఎందుకంటే నువ్వు పెట్టిన శక్తంతా ఇసక మింగేసి కూర్చుంటుంది. అదే అలలు తడిపిన గట్టి ఇసక మీదికి రా, ఊపిరి సులువవుతుంది. షాపులో బొటనవేలుతో సోల్ నొక్కి ఆహా ఎంత మెత్తగా ఉందో అని కొనేవాళ్ళు మొదటి గుణం ఒక్కటే చూసి డబ్బు ఇస్తున్నట్టు లెక్క, పైగా అది కూడా సరిగ్గా చూసినట్టు కాదు, బొటనవేలి ఒత్తిడి రెండు మూడు కిలోలు ఉంటుందేమో, నువ్వు పరిగెత్తేటప్పుడు ఒక్కో అడుగు మీద పడేది నీ బరువుకి రెండు నుంచి రెండున్నర రెట్లు, అంటే 165 నుంచి 200 కిలోల దాకా. వేలికి మెత్తగా తగిలిన ఫోమ్ ఆ బరువుకి పూర్తిగా అణిగిపోయి అడుగు తగలొచ్చు, వేలికి గట్టిగా తగిలింది నీ బరువుకి సరిగ్గా సరిపోవచ్చు.

ఇప్పుడు ఫోములు. 1970ల మధ్య నుంచి రన్నింగ్ షూ అంటే ఈవీఏ. ఇథిలిన్, వినైల్ ఎసిటేట్ కలిపిన ప్లాస్టిక్, దాంట్లో వినైల్ ఎసిటేట్ పాలు పెంచితే మెత్తబడుతుంది. గింజల్లో ఒక కెమికల్ పొడి కలిపి వేడిచేస్తే ఆ పొడి గ్యాసుగా మారి లోపల బుడగలు లేస్తాయి, దాన్ని మళ్ళీ మౌల్డులో పెట్టి ఒత్తితే వచ్చేదాన్ని మా ఫీల్డులో ఫైలాన్ అంటారు, వెయ్యి రూపాయల షూ నుంచి ఎనిమిది వేల షూ దాకా ఎక్కువ వాటిలో ఉండేది ఇదో దీని అన్నదమ్ములో. మధ్యలో 1970ల చివర్లో నైకీ వాళ్ళు గాలి సంచి పెట్టారు, 1986లో అసిక్స్ వాళ్ళు జెల్ పెట్టారు, 2009లో ఫ్రాన్స్‌లో హోకా మొదలెట్టినోళ్ళు సోల్‌నే బాగా మందం చేసేశారు, ఇవన్నీ మంచి ఆలోచనలే, కానీ చూడు, ఎక్కువ వాటిలో చుట్టూ ఉన్న అసలు ఫోమ్ మాత్రం ఈవీఏనే. దాదాపు నలభై ఏళ్ళు దాని లోపల ఏం పెట్టాలి, దాన్ని ఎంత మందం చెయ్యాలి అని ఆలోచించారు గానీ దాన్నే మార్చింది పెద్దగా లేదు.

2013లో అడిడాస్ వాళ్ళు జర్మనీ కెమికల్ కంపెనీ బీఏఎస్ఎఫ్‌తో కలిసి బూస్ట్ తెచ్చారు. అది టీపీయూ, అంటే ఒక రకం పాలియురెథేన్, దాన్ని చిన్న చిన్న గింజలుగా ఉబ్బించి ఆవిరితో ఒకదానికొకటి అతికిస్తారు, షూ పక్కనుంచి చూస్తే తెల్లటి పూసలు పూసలుగా కనిపించేది అందుకే. బరువు ఎక్కువ, కానీ తిరిగి తోసే గుణం ఈవీఏ కంటే బాగా ఎక్కువ, అణిగిపోకుండా చాలా కాలం నిలుస్తుంది, ఎండకీ చలికీ గుణం పెద్దగా మారదు. 2014 బెర్లిన్ మారథాన్‌లో కెన్యా రన్నర్ డెనిస్ కిమెట్టో 2:02:57తో ప్రపంచ రికార్డు పెట్టింది బూస్ట్ వేసుకునే.

తర్వాత 2017లో నైకీ వేపర్‌ఫ్లై, దాంట్లో పీబా ఫోమ్. ఇదే ఇప్పుడు అందరూ సూపర్ ఫోమ్ అంటున్నది. పీబా అంటే ఒకే గొలుసులో గట్టి నైలాన్ ముక్క, పక్కన సాగే మెత్తటి ముక్క, మళ్ళీ గట్టిది, మళ్ళీ మెత్తది ఇట్టా అల్లిన ప్లాస్టిక్. గట్టి ముక్కలు ఆకారం పట్టి ఉంచితే మెత్తటి ముక్కలు సాగి వెనక్కి వస్తాయి, మధ్యలో వేడిగా పోయే శక్తి చాలా తక్కువ. బరువు కూడా తక్కువ, ఇది చిన్న విషయం కాదు, ఒక్కో షూలో 100 గ్రాములు పెరిగితే పరుగుకి అయ్యే ఖర్చు ఒక శాతం దాకా పెరుగుతుంది. ఫ్రాన్స్‌లో ఆర్కెమా అనే కంపెనీ పెబాక్స్ పేరుతో ఈ ప్లాస్టిక్ అమ్ముతుంది, వాళ్ళ దగ్గర దాంట్లో కొన్ని రకాలు ఆముదం నూనె నుంచి వస్తాయి. ప్రపంచంలో ఆముదం ఎక్కువ భాగం పండేది మన దేశంలోనే, అందులోనూ గుజరాత్‌లో, మన ప్రకాశం మెట్ట పొలాల్లో కూడా వేస్తారు. ఒంగోలు వైపు రైతులకి ఈ సంగతి చెప్తే ఎవరూ ఒక పట్టాన నమ్మరు, కానీ ఉన్న మాటే.

లెక్కలు చెప్తా. వేపర్‌ఫ్లై నమూనా షూని అమెరికాలో కొలరాడో యూనివర్సిటీలో వౌటర్ హూగ్‌కామర్, రాజర్ క్రామ్ బృందం పరీక్షించింది, మెషీన్‌తో సోల్ అణిచి వదిలి చూశారు. నూరు పాళ్ళు శక్తి పెడితే అంతకుముందున్న నైకీ రేసింగ్ షూ 65.5 పాళ్ళు వెనక్కి ఇచ్చింది, అడిడాస్ బూస్ట్ 75.9 ఇచ్చింది, కొత్త పీబా షూ 87 ఇచ్చింది. తర్వాత 18 మంది మంచి రన్నర్లకి ఊపిరి కొలిచే మాస్క్ పెట్టి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి చూస్తే అదే వేగానికి సగటున 4 శాతం తక్కువ శక్తి ఖర్చయింది. ఆ పరిశోధనకి డబ్బు పెట్టింది నైకీనే, అది తెలిసి చదవాలి, కానీ తర్వాత వేరే ల్యాబుల్లో చేసినా దాదాపు ఆ చుట్టుపక్కలే వచ్చింది కాబట్టి నేను నమ్ముతా. 2019 అక్టోబర్‌లో వియన్నాలో కెన్యా రన్నర్ కిప్చోగె 1:59:40లో మారథాన్ దూరం పూర్తిచేసింది ఈ వంశంలో షూతోనే. మనిషి గొప్పతనం తీసెయ్యట్లా, షూ కూడా ఉంది అంటున్నా.

ఈమధ్య బాక్స్ మీద ఇంకో మాట కనిపిస్తోంది, సూపర్‌క్రిటికల్ అని, నైట్రోజన్ అని. దీని గురించి రోజుకి ఒకరైనా అడుగుతారు, అన్నా లోపల నైట్రోజన్ లీకైతే ఎట్టా అని. నైట్రోజన్ లోపల కుషన్‌గా కూర్చోదు. కెమికల్ పొడి బదులు నైట్రోజన్ గానీ కార్బన్ డయాక్సైడ్ గానీ విపరీతమైన ఒత్తిడిలో, వేడిలో పెడితే అది గ్యాసూ కాని ద్రవమూ కాని స్థితికి వస్తుంది, ఆ స్థితిలో ప్లాస్టిక్‌లోకి ఇంకిపోతుంది, తర్వాత ఒత్తిడి ఒక్కసారి వదిలేస్తే గోలీసోడా గోలీ నొక్కినప్పుడు బుడగలు లేచినట్టు ప్లాస్టిక్ నిండా సన్నటి బుడగలు లేస్తాయి. బుడగలన్నీ దాదాపు ఒకే సైజులో సన్నగా వస్తాయి కాబట్టి ఫోమ్ తేలిగ్గా, చురుగ్గా ఉంటుంది, కెమికల్ పొడి మిగులు ఉండదు. గ్యాసు పని అక్కడితో అయిపోయింది, తర్వాత అది మెల్లగా బయటికెళ్ళి మామూలు గాలి చేరుతుంది, భయపడాల్సింది ఏమీ లేదు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఏందంటే సూపర్‌క్రిటికల్ అనేది వండే పద్ధతి, వస్తువు పేరు కాదు. ఈవీఏని అట్టా చెయ్యొచ్చు, టీపీయూని చెయ్యొచ్చు, పీబాని చెయ్యొచ్చు. ఏడు వేల షూ మీదా సూపర్‌క్రిటికల్ అని ఉంటుంది, ఇరవై వేల షూ మీదా ఉంటుంది, లోపల సరుకు వేరు. షాపతన్ని ఏం ఫోమ్ అని అడుగు, తెలీదంటే ఆ షూ మోడల్ పేరు కొట్టి కంపెనీ సైట్‌లో చూడు, అందులో చాలావరకు రాస్తారు. 2025 నుంచి ఏ-టీపీయూ అనే ఇంకో రకం రేసింగ్ షూల్లో గట్టిగా వినిపిస్తోంది, ప్యూమా వాళ్ళ ఫాస్ట్-ఆర్ మూడో మోడల్‌లో అదే, పీబాకి గట్టి పోటీ ఇస్తోంది, కానీ అది కూడా రేసు సరుకే.

కార్బన్ ప్లేట్ గురించి ఒక అపోహ పోగొట్టాలి. చాలామంది ప్లేటే స్ప్రింగులాగా మనిషిని ఎగరేస్తుంది అనుకుంటారు. హూగ్‌కామర్ వాళ్ళే తర్వాత ఇంకో పని చేశారు, వేపర్‌ఫ్లై షూలో ప్లేటుని అడ్డంగా కోసేసి, ఫోమ్ అట్టాగే ఉంచి పరిగెత్తించారు, తేడా అర శాతం చుట్టూ వచ్చింది, లెక్కలోకి తీసుకునేంత కూడా కాదు. అంటే ఎక్కువ పని ఫోమ్‌దే. అంత మెత్తటి మందపాటి ఫోమ్ అటూ ఇటూ ఊగకుండా, వేళ్ళ దగ్గర ఎక్కువ వంగకుండా ప్లేట్ కొంత పట్టి ఉంచుతుంది. కానీ ఆ వంగకపోవడం వల్లే ఒత్తిడి పాదం మధ్య ఎముకల మీదికి మారుతుంది, 2023లో అమెరికా డాక్టర్లు కార్బన్ ప్లేట్ షూలు వాడే ఐదుగురు రన్నర్లకి పాదంలో నావిక్యులర్ అనే ఎముకలో స్ట్రెస్ గాయాలు వచ్చిన సంగతి రాశారు. ఐదుగురితో అందరికీ వస్తుందని తేల్చలేం, కానీ మూడు నెలల కిందట పరుగు మొదలెట్టిన కాలికి ఈ ప్రయోగం ఎందుకు అని నా బాధ.

అంత గొప్పదైతే నాకు మాత్రం ఎందుకు వద్దంటున్నావు అంటావు. వేగం వల్ల. ఆ 4 శాతం అంతా గంటకి 14 నుంచి 18 కిలోమీటర్ల వేగంలో కొలిచింది. 2023లో డస్టిన్ జూబర్ట్ అనే పరిశోధకుడి బృందం వాళ్ళు నెమ్మది వేగాల్లో కొలిస్తే గంటకి 12 కిలోమీటర్ల దగ్గర లాభం 1.4 శాతానికి పడిపోయింది, 10 కిలోమీటర్ల దగ్గర 0.9 శాతం, అది కూడా సగటు, కొంతమందికి ఉల్టా నష్టం వచ్చింది. నువ్వు కిలోమీటరుకి ఏడు నిమిషాలంటే గంటకి ఎనిమిదిన్నర కిలోమీటర్లు, అంతకంటే తక్కువ వేగం. దానికి తోడు మూడో గుణం, మన్నిక. స్పెయిన్ పరిశోధకులు పీబా షూని, ఈవీఏ షూని కొత్తవి, 450 కిలోమీటర్లు వాడినవి పక్కపక్కన పెట్టి చూశారు. కొత్తగా ఉన్నప్పుడు పీబా ముందుంది, 450 కిలోమీటర్ల తర్వాత ఆ ఆధిక్యం పోయింది, రెండూ ఒకటే. ఈవీఏ మాత్రం మొదట ఎట్టా ఉందో చివర్న దాదాపు అట్టాగే ఉంది. నువ్వు రోజుకి 5 చొప్పున వారానికి ఆరు రోజులు పరిగెత్తితే 450 కిలోమీటర్లు నాలుగు నెలల్లోపే అయిపోతాయి. 21 వేలు పెట్టి నాలుగు నెలలకి మామూలు షూ చేసుకోవడం ఎందుకు చెప్పు. ఇథియోపియా రన్నర్ టిగిస్ట్ అసెఫా 2023 బెర్లిన్ మారథాన్‌లో 2:11:53 పరిగెత్తి అప్పటికి ఆడవాళ్ళ ప్రపంచ రికార్డు పెట్టిన అడిడాస్ షూ బరువు 138 గ్రాములు, ధర 500 డాలర్లు, ఒక మారథానూ దానికి ముందు కాస్త అలవాటు పరుగూ అంతవరకే అని కంపెనీనే చెప్పింది. రేసు షూ అంటే ఆ లెక్కలో తయారుచేస్తారు.

ఇక్కడే మా పిల్లల తల్లిదండ్రులకి కూడా ఒక మాట. కానిస్టేబుల్ ఫిజికల్స్‌లో మగపిల్లలకి 1600 మీటర్లు 8 నిమిషాల్లో, అంటే సరిగ్గా గంటకి 12 కిలోమీటర్లు. పైన చెప్పిన 1.4 శాతం మొత్తం టైముగా మారినా ఆరేడు సెకన్లు, అది కూడా సాఫు నేల మీద, ట్రెడ్‌మిల్ మీద. మట్టి గ్రౌండులో మందపాటి మెత్తటి సోల్‌తో మలుపు తిరిగేటప్పుడు మడమ ఊగి ఆ సెకన్లు అక్కడే పోతాయి. అప్పు చేసి సూపర్ షూ కొనిపెట్టొద్దు, దయచేసి. ఆ డబ్బుతో రెండు నెలలు పిల్లోడికి గుడ్లు, పాలు, పప్పు సరిగ్గా పెట్టండి, 8:20 పరిగెత్తేవాడు 7:40కి రావడం మేము మామూలుగానే చూస్తుంటాం, సాధనతో.

ఇంక నీ మోకాలు. షాపులో చెప్పిన లోడే పడదు అన్న మాట తప్పు. లోడు ఎక్కడికీ పోదు. మన ఒళ్ళు చాలా తెలివైంది, కింద నేల మెత్తగా ఉంటే కాలిని తనంతట తానే బిగిస్తుంది, నేల గట్టిగా ఉంటే మోకాలు కాస్త ఎక్కువ వంచి వదులు చేస్తుంది, 1990ల్లోనే ఫెర్రిస్, ఫార్లీ అనే పరిశోధకులు ఇది చూపించారు. 2018లో ఫిన్లాండ్‌లో బాగా మందం సోల్ షూనీ మామూలు షూనీ పోల్చితే, గంటకి 14.5 కిలోమీటర్ల వేగంలో మందం షూలోనే కాలు నేలకి తగిలే దెబ్బ ఎక్కువగా వచ్చింది, కాలు బిగించుకోవడం వల్లే. అంటే మందం పెంచుకుంటూ పోతే దెబ్బ తగ్గుతూ పోతుందనే లెక్క లేదు.

మరి కుషన్ పూర్తిగా దండగా అంటే కాదు, అట్టా అనేవాళ్ళనీ నేను ఒప్పుకోను. లక్సెంబర్గ్‌లో 848 మంది మామూలు రన్నర్లకి చూడ్డానికి ఒకేలా ఉండే రెండు రకాల షూలు, ఒకటి మెత్తది ఒకటి గట్టిది, ఎవరికి ఏది వచ్చిందో తెలీకుండా చీటీ పద్ధతిలో ఇచ్చి ఆరు నెలలు చూశారు, 2020లో ఫలితం వచ్చింది. గట్టి షూ వేసుకున్నవాళ్ళలో గాయాల రిస్కు ఒకటిన్నర రెట్లు. మన ఊళ్ళో చాలామందికి నేను ముందు చెప్పేది ఈ స్టడీనే. కానీ దాంట్లో ఇంకో సంగతి ఉంది, మెత్తటి షూ లాభం స్పష్టంగా కనిపించింది తక్కువ బరువున్నవాళ్ళలో, బరువు ఎక్కువున్నవాళ్ళలో అంత స్పష్టంగా రాలేదు. బరువు ఎక్కువ కాబట్టి ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది అని మనం అనుకునేదానికి పూర్తిగా ఎదురు. నీ 82 కిలోలకి మరీ మెత్తటి ఫోమ్ అడుగంటా అణిగి, పక్కకి ఒరిగి, మోకాలిని లోపలికి లాగే అవకాశం ఉంది, కాస్త బిగువుగా, అడుగు వెడల్పుగా ఉండేది మేలు.

చిప్ప చుట్టూ నొప్పి మూడు నెలల్లో వచ్చిందంటే నా అనుభవంలో మొదటి అనుమానం షూ మీద పడదు, ఎంత త్వరగా దూరం పెంచావు అనే దాని మీద పడుతుంది. ఏమీ పరిగెత్తని మనిషి ఒక్కసారిగా రోజూ 5 కిలోమీటర్లు సిమెంట్ రోడ్డు మీద అంటే, ఐదు వేల పైన అడుగులు, ఊపిరితిత్తులు నెలలో అలవాటు పడతాయి గానీ కీళ్ళకీ, కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే టెండన్లకీ ఇంకా చాలా టైం కావాలి. రెండు వారాలు రోజు మార్చి రోజు 3 కిలోమీటర్లకి దిగు, వీలైతే కాలేజీ గ్రౌండు మట్టి మీద. అడుగులు పొట్టిగా, త్వరగా వెయ్యి, నిమిషానికి వేసే అడుగులు 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలు మోసే భారం తగ్గుతుందని 2011లోనే కొలిచి చూపించారు, పైసా ఖర్చు లేని పని, ఏ ఫోమూ మోకాలికి ఇంత చెయ్యదు. తొడ కండరాలకీ పిరుదులకీ వారానికి రెండు రోజులు వ్యాయామం పెట్టు. వాపు వచ్చినా, మోకాలు పట్టేసినట్టు ఆగిపోయినా, రాత్రి పడుకున్నప్పుడు నొప్పి ఉన్నా ఇవన్నీ పక్కన పెట్టి ముందు ఎముకల డాక్టర్‌కి చూపించు.

కొనేది ఏది అంటే, డైలీ ట్రైనర్ అనే రకం, అంటే రోజువారీ పరుగుకి చేసిన షూ. ఏడు వేల నుంచి పది వేల లోపు. ఈవీఏ మంచి రకం గానీ సూపర్‌క్రిటికల్ ఈవీఏ గానీ టీపీయూ గానీ ఏదైనా సరే, ప్లేట్ వద్దు, మడమ దగ్గర మందం 30 నుంచి 38 మిల్లీమీటర్ల మధ్య. ప్రపంచ అథ్లెటిక్స్ రోడ్డు రేసులకి పెట్టిన హద్దే 40, 2021లో వియన్నా మారథాన్‌లో మొదట వచ్చిన ఇథియోపియా రన్నర్‌ని సోల్ 50 ఉందని గెలుపు కొట్టేశారు, మనకి ఆ రూలు పట్టదు గానీ అంత ఎత్తు మన రోడ్ల మీద ప్రమాదం. ట్రంక్ రోడ్డు అంచు చూడు, తారు అయిపోయి మట్టిలోకి దిగేచోట జానెడు తేడా, మధ్యలో కంకర, స్పీడ్ బ్రేకర్లకి రంగు ఉండదు, చీకట్లో ఎత్తు సోల్ ఒరిగితే చీలమండ బెణకడం ఖాయం. మడమకీ ముందుకీ తేడా, దాన్ని డ్రాప్ అంటారు, 8 మిల్లీమీటర్ల చుట్టూ ఉండనీ, ఒక్కసారిగా 4 కి దిగితే మోకాలికి కాస్త సుఖమేమో గానీ పిక్కలూ మడమ వెనక టెండనూ పట్టేస్తాయి. అడుగున రబ్బరు మడమ బయటి వైపు, ముందు వైపు తప్పకుండా ఉండాలి, బరువు తగ్గించడానికి ఫోమ్‌ని అట్టాగే నేలకి వదిలేసిన మోడళ్ళు మన గరుకు సిమెంటు మీద అరిగిపోతాయి.

వెడల్పు మర్చిపోవద్దు. చిన్నప్పుడు ఉత్త కాళ్ళతో, చెప్పులతో తిరిగినోళ్ళ పాదం ముందు భాగం వెడల్పుగా ఉంటుంది, దక్షిణ భారతంలోనే ఉత్త కాళ్ళతో నడిచేవాళ్ళ పాదాలు కొలిచి ఆ సంగతి రాశారు. మనలో చాలామందికి బయటి కంపెనీల మామూలు వెడల్పు చిటికెనవేలి దగ్గర పట్టేస్తుంది, వైడ్ లేదా 2ఈ అని అడుగు. సాయంత్రం పూట వెళ్ళు, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. షాపు బయట యాభై అడుగులైనా పరిగెత్తి చూడు, వద్దన్నారంటే ఆ షాపే వద్దు. ఫస్ట్ కాపీ జోలికి అస్సలు పోవద్దు, పైన బట్ట, లోగో అచ్చం దించుతారు గానీ ఫోమ్ దించలేరు, రెండు వేలకి పీబా ఎట్టా వస్తుంది చెప్పు, ఈవీఏ కంటే దాని ముడిసరుకే చాలా ఖరీదు.

నీ 21 వేలు సిద్ధంగా ఉంటే అందులో రెండు వేరు వేరు మోడళ్ళ డైలీ ట్రైనర్లు వస్తాయి, ఒకటి కాస్త మెత్తగా ఒకటి కాస్త బిగువుగా తీసుకుని రోజు మార్చి రోజు వేసుకో. లక్సెంబర్గ్ వాళ్ళే ఇంకో స్టడీలో 264 మందిని గమనిస్తే ఒకటి కంటే ఎక్కువ జతలు మార్చి వాడేవాళ్ళలో గాయాలు 39 శాతం తక్కువ కనిపించాయి. ఇది ఊరికే గమనించిన లెక్క కాబట్టి జతలు మార్చడమే కారణమని గట్టిగా చెప్పలేం, కానీ రోజూ ఒకే చోట ఒకే రకం ఒత్తిడి పడకపోవడం మంచిదేనని నాకు నమ్మకం. పైగా మన దగ్గర ఇంకో లాభం ఉంది, చెమటకి తడిసిన జత ఆరడానికి రోజంతా దొరుకుతుంది.

ఆరబెట్టడం అన్నాను కదా, ఎండలో కాదు. వేడికి ఈవీఏ మెత్తబడుతుంది, మే నెల నెల్లూరు ఎండలో మిద్దె మీద, లేదా స్కూటీ డిక్కీలో మధ్యాహ్నమంతా వదిలేస్తే ఆకారమే మారిపోతుంది, జిగురు కూడా ఊడుతుంది. లోపలి అట్ట (ఇన్‌సోల్) బయటికి తీసి, లోపల పేపర్ ఉండలు కుక్కి, నీడలో గాలి తగిలేచోట పెట్టు. నవంబర్, డిసెంబర్ వానల్లో తడిస్తే మరీ జాగ్రత్త. ఇంకోటి, జాగ్రత్త చేసుకుందాం అని కొత్త జత అట్ట డబ్బాలోనే నాలుగైదేళ్ళు దాచేవాళ్ళు ఉండారు, మన సముద్రపు గాలి తేమకి కొన్ని పాలియురెథేన్ సోళ్ళు లోపల్లోపలే పాడై ఒకరోజు వేసుకోగానే పొడి పొడిగా రాలిపోతాయి. కొన్నాక వాడెయ్యాలి.

ఎప్పుడు మార్చాలి అంటే 500 నుంచి 800 కిలోమీటర్లు అని అందరూ చెప్తారు, నీ బరువుకి 500 దగ్గరే చూడ్డం మొదలెట్టు. పక్కనుంచి మిడ్‌సోల్ మీద అడ్డంగా ముడతలు పోకుండా అట్టాగే నిలిచిపోతే ఫోమ్ బుడగలు అణిగిపోయినట్టు. బల్ల మీద పెట్టి వెనకనించి చూస్తే ఒక షూ లోపలికి గానీ బయటికి గానీ ఒరిగి ఉంటే అడుగు బాగానే ఉన్నా దాన్ని మార్కెట్‌కి వెళ్ళేటప్పుడు వేసుకో, పరుగుకి వద్దు. ఇప్పుడు నువ్వు వాడుతున్న పాత జతని కూడా ఇట్టా బల్ల మీద పెట్టి చూడు, కుడి షూ లోపలికి ఒరిగి ఉంటే కొత్త జత కొనేదాకా పరుగు ఆపి నడక చెయ్యి.